అడవిలో నీరెవరు పోసిరి?

శేషాచల పర్వతపాదమున, ఆ కొండలకు సహజములైన వృక్షజాతులకే ప్రత్యేకింపబడిన ఒక వృక్షవనములో ఇరువది సంవత్సరములకు పైగా ఉద్యానకారుడనై పనిచేయుచున్న నాకు, వనద్వారమున తఱచుగా వినవచ్చు ప్రశ్న ఒక్కటియే: "అడవిలో వీటికి నీళ్ళెవరు పోశారండీ?" తీర్థయాత్రకు వచ్చి దారిలో ఆగిన గృహస్థులు అడుగుదురు, ఖర్చుపట్టీలు పరిశీలింపవచ్చిన అధికారులు అడుగుదురు, వ్యవసాయశాస్త్రమున పట్టము పుచ్చుకొని మామిడికిని బత్తాయికిని వైద్యము చేయగల విద్వాంసులును అడుగుదురు. వారిలో ఎవ్వరును సమాధానము కోరి అడుగరు. అది ప్రశ్నరూపమున వెలువడు తీర్పు. దేశీయవృక్షము తనంత తాను పెరుగును, కావున దానికి తోటమాలి అక్కరలేదు. తోటమాలి అక్కరలేదు కావున దేశీయ వృక్షవనమనగా కంచె వేసిన అడవియే. కంచె వేసిన అడవికి కావలివాడు చాలును గాని ఉద్యానకారుడేల, నారుమడులేల, కూలీలేల అనునది ఆ తీర్పులోని తర్కక్రమము.

ఈ అభిప్రాయము ఉదాసీనులయందే గాక, ప్రకృతియందు నిజమైన ప్రీతి గలవారియందును వ్యాపించియున్నది. "దేశవాళీ మొక్క నాటండి, నీరక్కరలేదు, పోషణ అక్కరలేదు" అని ప్రకటనలు వ్రాయుచున్నారు. సదుద్దేశముతో చెప్పబడుచున్న ఈ మాట వలన మా మొక్కలకు కలిగిన హాని, వాటిని పిచ్చిమొక్కలని పెరికివేసినవారి వలన కలిగిన హానికంటె తక్కువది కాదని నా దృఢవిశ్వాసము. పెరికివేయువానిని చేయి పట్టుకొని ఆపవచ్చును, నాటి మఱచిపోవువానిని ఆపుట ఎట్లు? నాటిన మొక్క మొదటి వేసవిలోనే ఎండిపోగా, "ఈ జాతి ఇక్కడ రాదు" అని నిర్ణయించి, మరుసటి ఏడు ఆ గుంటలోనే కోనోకార్పస్ నాటిన పాఠశాలల ఆవరణములను నేను కన్నులార చూచితిని.

ఆ వాదములో సత్యాంశము లేదని నేననను. కొండవాలున వేరూనిన బిల్లుడు చెట్టును, నారేప చెట్టును ఎవ్వరును తడుపనక్కరలేదు; వరుసగా రెండేండ్లు వానలు తప్పినను అవి ఆకులు రాల్చి ఓర్చుకొనును, తొలకరికి మరల చిగిర్చును. పచ్చికబయలుకు పోయు నీటిలో లేశమాత్రమైనను అవి కోరవు. ఇంతవరకు నిజము. కాని పెద్దచెట్టుకు గల ఓర్పును జానెడు మొలకకు ఆపాదించుటయే ఈ వాదములోని ప్రథమ దోషము. బ్రతికి నిలిచిన చెట్టును చూచి, దానితోపాటు పుట్టి చనిపోయిన వేలకొలది మొలకలను చూడకపోవుట రెండవ దోషము. నారు పోసినవాడు నీరు పోయడా అను సామెతను నాకు పలువురు వినిపించిరి. అది భగవంతునియందలి విశ్వాసమును తెలుపు మాట, దానిని నేను గౌరవింతును. అయితే ఈ తోటలో నారు పోసినవాడను నేను. నీరు పోయవలసినవాడను గూడ నేనే.

అడవి లెక్క వేఱు, తోట లెక్క వేఱు. దీర్ఘకాలము జీవించిన మద్దిచెట్టు తన ఆయుష్షులో రాల్చిన గింజలలో ఒక్కటి పెరిగి పెద్దదై తల్లి స్థానమును నింపినచో అడవి లెక్క సరిపోవును. తక్కినవానిని ఎలుకలు తినినను, చెదపురుగు పట్టినను, ఎండకు మాడినను, నిప్పుకు ఆహుతియైనను అడవికి లోటు లేదు. నాకు అట్టి ఔదార్యము చెల్లదు. అనుమతి పుచ్చుకొని, కొండ యెక్కి, ఒక్కొక్కప్పుడు ఒకే చెట్టు క్రింద దోసెడు గింజలు ఏరుకొని వత్తును. ఆ దోసెడులోనుండియే వనమునకు కావలసిన మొక్కలను తీయవలెను. అడవి వేలలో ఒకటి దక్కించుకొనగా, నేను పదింట అయిదు దక్కించుకొనవలెను. ఇది అడవి చేయు పని కాదు. అడవి ఎన్నడును చేయని పని.

ఇక నీరెవరు పోసిరను ప్రశ్నకే సూటిగా సమాధానము చెప్పవలెనన్నచో, పోసినవారు పెక్కుమంది యని చెప్పుదును. రేలకాయను గుజ్జుతోకూడ మ్రింగి, దాని గట్టిగింజను కడుపులో నానబెట్టి, కొండకావలి వాలున పెంటతో విడుచు ఎలుగుబంటి ఒక తోటమాలి. గంధపుపండు తిని కంపచెట్టు నీడలో గింజను జారవిడుచు పికిలిపిట్ట ఒక తోటమాలి. వేళ్ళనల్లుకొని మట్టిలోని సారమును అందించు శిలీంధ్రమొకటి కన్నులకు కనబడని తోటమాలి. పైన నీడ పట్టు పొద, క్రింద తేమ నిలుపు రాలుటాకు, ఏనాడు కురియవలెనో ఆనాడు కురిసిన వాన, ఇవన్నియు కొలువు చేసినపుడే అడవిలో మొక్క లేచినది. మా వనములో ఎలుగుబంటి లేదు. కనుక రేలగింజ అంచును గరుకురాతిపై నేనే అరుగదీసి రాత్రంతయు నానబెట్టుదును. ఇన్ని కొలువులు ఒక్క చేతితో చేయుటయే మా వృత్తి. దీనిని పని లేని పని యనువారు ఒక్క ఋతువు నాతో నిలిచి చూడవలెను.

తంబజాలారి సంగతి చెప్పెదను. తూర్పుకనుమల దక్షిణభాగమునందు దప్ప లోకమున మఱెక్కడను సహజముగా పెరుగని ఈ వృక్షము నిటారుగా సాగి ధ్వజస్తంభములకు పనికివచ్చునది. దీని కాయకు అయిదు రెక్కలుండును. మూడు పొడవైనవి, రెండు పొట్టివి. వేసవి గాలికి అవి గిరగిర తిరుగుచు రాలుచుండగా చూచినవారు ఆ దృశ్యమును మఱవజాలరు. నేను మొదటి సంవత్సరము ఆ కాయలను ఎంతో శ్రద్ధతో ఏరి, కాగితపు సంచులలో కట్టి, తేదీ వ్రాసి, బీరువాలో భద్రపఱచితిని. కంది, పెసర వంటి గింజలతో మనకు అలవాటైన శ్రద్ధ అది. రెండు వారముల పిమ్మట నారుమడి సిద్ధము కాగా తెచ్చి నాటితిని. ఒక్కటియును మొలవలేదు. ఒకదానిని చాకుతో చీల్చి చూడగా, ఆకుపచ్చగా ఉండవలసిన పప్పు గోధుమవన్నెకు తిరిగి, వ్రేలితో నొక్కినంత పొడియై రాలినది. ఆ గింజకు నిద్ర యనునది లేదు. చెట్టునుండి వీడిన క్షణము మొదలు అది మొలవనైనను మొలవవలెను, చావనైనను చావవలెను. ఆరబెట్టి దాచుటయనగా దానిని చంపుటయే. మరుసటి ఏడు తెల్లవారకముందే కొండ యెక్కి, ఆనాటి రాలుడు కాయలను తడిగోనెలో చుట్టి తెచ్చి, ఆ సాయంకాలమే తల్లిచెట్టు క్రింది మన్ను కలిపిన మడిలో నాటితిమి. నాలుగుదినములలోనే తెల్లని వేరుమొనలు బయటపడినవి. ఆ మన్నులోని శిలీంధ్రము లేనిచో ఆ మొక్క తిండి దొరకక కుంటుపడునని పిదప మఱొక మడిలో, మఱొక నష్టము వలన తెలిసికొంటిని.

గులాబికి ఈ విధమైన చరిత్ర లేదు. గులాబిని తరతరములుగా మానవుడు అంటుకట్టి, కత్తిరించి, తన చేతికి అనుగుణముగా మలచుకొనెను. వరి, కంది, మామిడి, మల్లె, ఇవి అన్నియు మన యింటి పశువులవంటివి. మన పిలుపు వాటికి తెలియును, వాటి ఆకలి మనకు తెలియును. కడియము ప్రాంతపు నర్సరీలలో క్రోటను కొమ్మకు గాలి అంటు కట్టు కుఱ్ఱవానిని చూడుడు. వాని వ్రేళ్ళలోని నేర్పు వాడు గ్రంథములలో చదివినది కాదు; తండ్రి చేతినుండి వాని చేతికి వచ్చినది. తంబజాలారికి అట్టి తండ్రియు లేడు, కుమారుడును లేడు. దానిని పెంచిన చేయి ఇంతకుముందు లేదు. కనుక దేశీయవృక్షము పెంచుటకు మిక్కిలి సులభమైనదను లోకాభిప్రాయము సత్యమునకు పూర్తిగా విపరీతము. తోటపనిలో అన్నిటికంటె కఠినమైనది అదియే. ఏలయన అందులో పూర్వుల అనుభవమనునది మనకు మూలధనముగా లేదు.

మంచిగంధము మాట తెలిసినవారు కొందరున్నారు: ఆ మొక్క పరాన్నజీవి, దాని వేళ్ళు ప్రక్కనున్న మొక్క వేళ్ళను పట్టి ఆహారమును పీల్చుకొనును, అందువలన సంచిలోనే దానికి తోడుగా కందిమొక్కను పెంచవలెను. ఒంటరిగా నాటి, ఎరువు మీద ఎరువు వేసి, అది పాలిపోయి చనిపోగా నేలను నిందించినవారు పలువురు. ఎఱ్ఱచందనమునకు వేఱొక చిక్కు. దాని గింజ గుండ్రని రెక్కకాయలో, చెక్కవంటి పెంకులో బంధింపబడియుండును. పేడనీటిలో నానబెట్టియు, తడిపి ఆరబెట్టి మరల తడిపియు ఆ పెంకును మెత్తబఱచినను మొలకలన్నియు ఒక్కనాడు రావు, కొన్ని వారమునకు, కొన్ని నెలకు వచ్చును. ఒక్కొక్క కొండమొక్క ఒక్కొక్క తాళము. ఒకదాని చెవితో మఱొకటి తెఱువబడదు.

నారేప చెట్టు విషయమున నేను చేసిన తప్పును గూడ ఇచ్చట చెప్పుట ధర్మము. ఆ మొక్క మొలిచిన వెంటనే ఆకుల మీద ఆశ పెట్టుకొనదు. మొదట తల్లివేరును లోతునకు దింపును. మెట్టభూమిలో దాని బ్రతుకుతెరువు అదియే. నేను దానిని అందరివలె జానెడు పాలితీన్ సంచిలో ఏడాదికి పైగా ఉంచి, బాగుగా ఎదిగినదని సంతోషించి నాటించితిని. మూడేండ్లకు వచ్చిన ఒక గాలివానకు అందు అయిదు చెట్లు ప్రక్కకు ఒరిగినవి. త్రవ్వి చూడగా, సంచి అడుగున దారి దొరకక తిరిగిన వేరు చుట్టకుదురువలె మెలికలు తిరిగి, ఆ రూపముననే గట్టిపడియున్నది. మూడేండ్లు ఆ చెట్లు తమ మెడకు తామే ఉరి బిగించుకొనుచుండగా నేను పైనున్న ఆకులను చూచి మురిసితిని. ఇప్పుడు ఆ జాతిని పొడవైన గొట్టములలో పెంచి, వేరు అడుగు తాకకముందే నేలలో నాటుచున్నాము. అడవిలో ఎవరు నీరు పోసిరని అడుగువారు, అడవిలో ఎవరు సంచిలో పెట్టిరని గూడ అడుగవలసియున్నది.

పోషణ అక్కరలేదనువారు ఎఱుగని మఱొక సంగతి యేమనగా, మా పనిలో సగము చేయకుండుటలో ఉన్నది; ఎప్పుడు చేయరాదో తెలియుట చేయుటకంటె కష్టమైనది. పేరీత యని మా ప్రాంతమున పిలువబడు సైకస్ జాతిమొక్క ఈ కొండల సొత్తు. దాని అంతర్జాతీయ వ్యాపారమును కఠినముగా నిషేధింపవలసినంత అరుదైనది. స్ఫటికశిలల పగుళ్ళలో, మన్ను గుప్పెడైనను లేని తావున, కార్చిచ్చుకు ఆకులన్నియు మాడినను మొండి నుండి కొత్తసుడి వేయగల దీక్ష దానిది. మా వనములోని నేల బరువైన బంకమన్ను. మొదటి తడవ పేరీతలను మామూలుగా పాదు చేసి నాటగా, ఒక కూలివాడు జాలిపడి ప్రతిదినమును నీరు పోసెను. ఆకులు పచ్చగానే ఉన్నవి. ఒక ఉదయము నేను మొండిని చేతితో పట్టి కదపగా అది చేతిలోనికే వచ్చినది. లోపలనంతయు క్రుళ్ళి, పులిసిన కల్లు వాసన కొట్టినది. ఆ తరువాత మోకాటిలోతు త్రవ్వి, ఱాళ్ళు పగులగొట్టి నింపి, గులకయు ఇసుకయు కలిపి, కొండ పగులును తోటలో కట్టితిమి. ఈ శ్రమ అంతయు దానికి నీరు నిలువకుండ చేయుటకే. కావలివానికి ఇది తెలియునా?

అంతటితో తీరలేదు. పేరీతలో ఆడమొక్క వేఱు, మగమొక్క వేఱు. మగదానికి నడుమ కంకి లేచును, ఆడదానికి కంకి లేక గింజలను మోయు రేకులు విప్పారును. అట్లు పూచువరకు, అనగా ఎన్నో యేండ్లు గడచువరకు, ఏది యేదియో ఎవ్వరును చెప్పజాలరు. కొండపై మగకంకులను మందులకని కోసికొనిపోవువారి చేతిలో ఆ జాతి సంతానమే తగ్గిపోవుచున్నది. వనములో రెండును ఉన్నను ఒకే వారమున పూయునన్న నమ్మకము లేదు. మగకంకినుండి పుప్పొడి దులిపి, ఆరబెట్టి, చలువపెట్టెలో దాచి, ఆడమొక్క సిద్ధమైననాడు కుంచెతో అద్దవలెను. దక్షిణాఫ్రికాలో 1895లో నటాలు ప్రాంతపు ఒక అడవిలో కనబడిన ఉడ్స్ సైకాడు అను జాతిలో దొరికినది ఒక్క మగమొక్క మాత్రమే; నాటినుండి నేటివరకు దానికి ఆడుతోడు కనబడలేదు. లోకములోని ఉద్యానములందున్న ఆ జాతిమొక్కలన్నియు ఆ యొక్కదాని పిలకలే. అడవి పోషించునని ఊరకున్నచో ఆ పిలకలును నేడు ఉండెడివి కావు. మా పేరీతకు అట్టి ఒంటరితనము రాకుండవలెనన్నదే నా ఆరాటము.

"అడవిని కాపాడిన చాలును, తోట యెందుకు?" అని మఱియొక పక్షమువారందురు. వీరు మొదటివారికంటె వివేకవంతులు, వీరియెడ నాకు గౌరవము కలదు. అడవికి తోట ప్రతినిధి కాజాలదని నేనును ఒప్పుకొందును. ఏనాడును తోట అడవి కాదు. కాని కాలిన కొండపై మరల ఏమి నాటవలెను, ఎట్లు నాటవలెను అను విద్యను అడవి మనకు బోధింపదు; అది మనము తోటలో మడి మడికి ఓడిపోవుచు నేర్చుకొనవలసిన విద్య. కేప్‌టౌను నగరమున టేబులు పర్వతము క్రింద 1913లో స్థాపింపబడిన కిర్‌స్టెన్‌బోష్ వనము ఆ దేశపు స్వకీయ వృక్షములకే అంకితమైనది. ఆ ప్రాంతపు పొదలు నిప్పు పడిన తరువాతనే మొలచునని అందరికిని తెలియును; వేడియే కారణమని అందరును తలచిరి. వేడినీరు పోసిరి, కాల్చిరి, అయినను పెక్కు జాతుల గింజలు మొలవలేదు. 1990లో అక్కడి పరిశోధకులు గింజలను మేల్కొలుపునది వేడి కాదు, పొగ యని కనుగొనిరి. పిమ్మట ఆ వనములోని వారు గింజలకు పొగ పట్టించియు, పొగనీట నానబెట్టియు ఎన్నో జాతులను మొలిపించిరి. ఆ కొండలు లక్షల యేండ్లుగా మండుచు మొలచుచునే యున్నవి. కాని ఆ రహస్యమును విప్పి మనుష్యుని చేతికిచ్చినవి ప్రయోగశాలయు నారుమడియు. మన కొండల గింజలలో ఎన్నిటికి పొగ కావలెనో, ఎన్నిటికి ఎలుగుబంటి కడుపు కావలెనో ఎవరు పరీక్షించిరి?

ఈ అలక్ష్యమునకు మూలము పాతది. విలియం రాక్స్‌బరో 1781లో సామర్లకోట చేరి అక్కడ తోట వేసినపుడు దొరతనమువారికి కావలసినది మిరియమువంటి వాణిజ్యద్రవ్యములు. అయినను ఆ విద్వాంసుడు స్థానిక చిత్రకారులచేత మన చెట్టుచేమల బొమ్మలు వ్రాయించి, మన జనుల నోట విన్న పేళ్ళను శాస్త్రములో నిలిపెను. సోమిద యను తెలుగుమాట నేటికిని ఒక వృక్షజాతికి శాస్త్రనామమై వెలయుచున్నది. తంబజాలారి శాస్త్రనామములో మోగునదియు తెలుగు శబ్దమే. అంత దగ్గరగా చూచిన కన్నులు పిమ్మటి పాలకులకు లేకపోయినవి. మన మెట్టపొదలను వారు బంజరని వ్రాసికొనిరి. పేరీతకు శాస్త్రములో ఎవరి పేరు నిలిచినదో ఆ బెడ్డోమే, మదరాసు రాజధాని అడవుల అధికారిగా ఉండి, 1876లో విదేశమునుండి ప్రోసోపిసు గింజలు తెప్పింపుడని ప్రభుత్వమునకు వ్రాసెను. 1877లో కడప మండలము కమలాపురమున అవి నాటబడినవి. వంటచెఱకు కొఱకు, బీడులను పచ్చబఱచుట కొఱకు, మంచి తలంపుతోనే నాటిరి. నేడు ఆ సర్కారుతుమ్మ ఆక్రమింపని చెఱువుగట్టు మన సీమలో ఎక్కడ ఉన్నదో చూపుడు. నీరక్కరలేదు, పోషణ అక్కరలేదు అను గుణము నిజముగా ఉన్న చెట్టు అదియే.

ఆ బంజరనబడిన ముళ్ళపొదలలోనే, లోకమునుండి నశించినదని శాస్త్రజ్ఞులు నిశ్చయించిన కలివికోడి 1986లో మరల కనబడినది. లంకమల కొండల చెంత ఆ పొదలను పనికిరానివని ముందుగానే నఱికి యున్నచో ఆ పక్షి మనకు పుస్తకములలోని బొమ్మగా మాత్రమే మిగిలియుండెడిది.

మన భాష ఈ విషయమున మనకంటె మెలకువ గలది. వెలినుండి వచ్చినదానికి సీమ యని ముందు చేర్చి, సీమచింత, సీమతుమ్మ యని మన పెద్దలు గుర్తు పెట్టిరి. వచ్చినదానిని తినిరి, వాడుకొనిరి, కాని దాని ఊరు మఱవలేదు. ఆ గుర్తును మనము పోగొట్టుకొంటిమి. మడగాస్కరునుండి వచ్చిన గుల్‌మొహరును మనదని పాడుకొనుచు, మన తనుకును, మన తెల్లపొణికిని పిచ్చిచెట్లనుచున్నాము. ఆ పొణికిచెక్కతోనే కొండపల్లి బొమ్మ తయారగును. ఏటికొప్పాక లక్కబొమ్మకు కావలసినది అంకుడుకఱ్ఱ. బొమ్మను బీరువాలో పెట్టి, దానిని కన్న చెట్టు పేరు అడుగగా తెలియదనుట సిగ్గుపడవలసిన సంగతి. వీటికి అందము లేదనువారితో నేను వాదము పెంచుకొనను. మాఘమాసమున ఆకు ఒక్కటియు లేని కొండగోగు కొమ్మలచివరల పసుపుపచ్చని పూవులు నిండియున్నపుడు వారిని ఒకసారి వనమునకు రమ్మందును, అంతే.

దేశీయమనగా దేశమంతటికిని ఒక్కటియే యనుకొనుటయు పొరపాటే. పాపికొండల తడియడవి చెట్టు మా రాతికొండకు పరాయిది. అందువలన మా వనములో ప్రతి మొక్కకును ఒక సంఖ్య, ఒక పుట యుండును. ఏ కొండ, ఏ వాలు, ఏ చెట్టు, ఏ దినమున తెచ్చినది, ఎన్ని నాటగా ఎన్ని మిగిలినవి అని వ్రాయుదుము. ఆ పుట లేని మొక్క నీడ నిచ్చును గాని సాక్ష్య మీయజాలదు.

కలుపు తీయుట మాటతో ముగింతును, ఏలయన ఈ వాదమంతయు అక్కడనే తేలును. సాధారణపు తోటలో నాటినది తప్ప తక్కినదంతయు కలుపే, ఎవడైనను పెరుకవచ్చును. మా వనములో నాటనిది గూడ నిధి కావచ్చును. వయ్యారిభామయు, పులికంపయు, సీమతులసియు పెరుకవలెను. వాటి నడుమ రాలిన గింజనుండి తనంత తాను లేచిన కొండమొక్కను విడువవలెను. రెండాకుల వయస్సున అవి అన్నియు ఒక్క తీరుగానే కనబడును. ఒకనాడు నేను తొందరలో ఒక మొలకను పెరుకబోగా, ప్రక్కన పనిచేయుచున్న మా ముసలమ్మ నా మణికట్టు పట్టుకొన్నది.

"వద్దు నాయనా, అది చందనం పిల్ల."

"చందనానికి మూడేసి రేకలు గదా అవ్వా, దీనికి ఒంటి ఆకే ఉందే!"

"పెద్దయినాక మూడు. పసిదానికి ఒగటే. తాకి చూడు, గడ్డిపిల్ల మాదిరి ఉండాదా?"

తాకి చూచితిని. ఆ ఆకు గట్టిగా, నునుపుగా, కొంచెము మందముగా నుండెను. ఎఱ్ఱచందనపు మొలకకు తొలి ఆకులు ఒంటిరేకవని నేను పుస్తకములో చదివియే యుంటిని. చదివినది నా తలలో నిలిచినది గాని చేతిలోనికి దిగలేదు. ఆమె అక్షరము ముక్క యెఱుగదు. ఆ ఋతువులో ఆమె పులికంప నడుమనుండి అట్లు విడిచి కాపాడిన చందనపు మొలకలు పదునాలుగు. వానిలో పదకొండు నేడు నా భుజము దాటి పెరిగినవి.

మస్టరు పట్టీలో ఆమె పేరునకెదురుగా, ఆమె పనిలో చేరిన దినమునుండి నేటివరకు, "నైపుణ్యము లేని కూలి" అని వ్రాసియున్నది. అడవిలో నీరెవరు పోసిరను ప్రశ్న ఆ పట్టీలో ధరించిన రూపము అది. ఈ కొండల గింజలలో ఏది యే వారమున రాలునో, ఏ మొలకకు ఎన్ని ఆకులుండునో, ఏ మొక్కకు నీరు పోయరాదో ఆమెకు తెలిసినంత తెలిసినవారు ఈ మండలములో పదిమంది లేరని నేను నా అనుభవముతో చెప్పగలను. ఆమెకు చూపు మందగించుచున్నది. ఆమె వెంట నిలిచి నేర్చుకొనుటకు ఇద్దరు పడుచువాండ్రను ఇమ్మని వ్రాసికొన్న నా విన్నపమునకు, అడవిమొక్కలకు అదనపు సిబ్బంది అనవసరమని ప్రత్యుత్తరము వచ్చినది. ఆ విన్నపమును ఈ తొలకరికి ముందే మరల పంపుచున్నాను. పట్టీలోని ఆ మూడు మాటలను కొట్టివేసి వనపాలకురాలని వ్రాయుడని గూడ ఈసారి అందులో చేర్చితిని.